నా తమ్ముడిలో మా వాటా

పోయిన మంగళవారం మా తమ్ముడు డాక్టరు దగ్గరి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే తన గోడు చెప్పుకున్నాడు. ఎనభై నాలుగు కిలోలు తూగాడట. పది తగ్గాలట.

"అక్కా, ఈ పది కిలోలు యాడికెల్లి తియ్యాలె, నువ్వే చెప్పు," అన్నాడు నవ్వుతూ.

వాడు నవ్వులాటకే అడిగాడు. నేను చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి, వాణ్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, లెక్క వేశాను. మొదటి రెండు ముప్పావు కిలోలు మా అమ్మవి. ఆ తరువాతి నాలుగు కిలోలు అచ్చంగా పక్కింటి ఖాలావి. ఆపైన కొంత కలగలుపు. మిగిలినదంతా వాడి సొంత సంపాదన, బిర్యానీ, ఉస్మానియా బిస్కట్లు. తీస్తే అందులోంచే తీయాలి. ముందున్న వాటి జోలికి వెళ్లే హక్కు ఏ డాక్టరుకూ లేదు.

ఈ లెక్క నేను పదకొండో ఏట మొదలుపెట్టాను. తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఇక్కడ మాత్రం రాయను. తేదీ చెబితే మనుషులు దొరికిపోతారు.

అప్పుడు మేము హైదరాబాదులో బార్కస్ అంచున ఒక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. బాపు సర్కారు కార్ఖానాలో ఫిట్టరు. పొద్దున ఆరున్నరకు సైకిలెక్కితే మళ్లీ దీపాల వేళకే రావడం. ఇంట్లో అమ్మ, బాపు తల్లి అవ్వ, నేను. మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒకటే గోడ. అది నా భుజాల దాకా వచ్చేది. ఆ ఇంటివాళ్లు ఏ కాలంలోనో నిజాం ఫౌజులో చేరడానికి అరబ్బు దేశం నుంచి వచ్చినవాళ్ల మనవలు. ఆ ఇంటావిడను గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అనేది. ఆమె భర్తది జామకాయల టోకు వ్యాపారం. వాళ్ల వాకిట్లో ఎప్పుడూ పండిన జామ వాసన. తెల్లవారుజామున దాని మీదుగా ఇంకో వాసన గోడ దాటి వచ్చేది. గోధుమలూ మాంసమూ రాత్రంతా కలిసి ఉడికిన హరీస్ వాసన. నేను పక్క మీద పడుకొనే ఆ వాసన తినేదాన్ని.

ఖాలాకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది నా ఈడుది. చిన్నది మా తమ్ముడి కంటే నాలుగు నెలలు ముందు పుట్టింది. తమ్ముడు పుట్టిన వార్త విన్న రోజు పెద్దపిల్ల గోడ మీదికి ఎగబాకి నా వంక అదోలా చూసింది. ఆ చూపు నాకు మస్తు సంతోషం కలిగించింది. తనకు లేనిది నాకు దొరికింది మరి.

ఆ సంతోషం పంతొమ్మిది రోజులు ఉంది. పంతొమ్మిదో రోజు అమ్మకు జ్వరం వచ్చింది. వారం తిరిగేసరికి టైఫాయిడ్ అని తేలింది. డాక్టర్లు పాలు ఇవ్వొద్దన్నారు. వాళ్లు వద్దనేసరికే అవి ఎండిపోయాయి. డబ్బా పాలు పడితే పిల్లవాడు కక్కాడు. ఆవు పాలు పడితే కడుపు జారింది. నాలుగు రోజుల్లో వాడి మొహం ముసలివాడి మొహంలా అయింది. ఏడవడానికి కూడా ఓపిక లేక, పిల్లికూనలా సన్నగా మూలిగేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఖాలా తన చిన్నపిల్లను చంకనేసుకొని, ఎవరూ పిలవకుండానే మా గడప మీద వచ్చి కూర్చుంది.

"లావో అమ్మా, ఇటియ్యి వాన్ని," అంది అవ్వతో.

అవ్వ కదల్లేదు. "నీ పిల్లకు ఎట్ల బిడ్డా?"

"అల్లా రెండు పక్కలు ఎందుకిచ్చిండు? ఒకటి నా పోరికి, ఒకటి మీ పోరనికి. నువ్వు ఫికర్ చెయ్యకు."

అవ్వ పిల్లవాడిని అందించింది. వాడు మొదట మూలిగాడు, తరువాత గుటక వేశాడు. ఆ గుటక చప్పుడు లోపలి గదిలో పడుకున్న అమ్మకు కూడా వినిపించి ఉంటుంది. నేను గుమ్మంలో నిలబడి, వాడు బతికాడని సంతోషపడ్డాను. ఆ సంతోషం ఒక్క రాత్రే నిలిచింది.

మర్నాడు పొద్దున పెద్దపిల్ల గోడ మీద కూర్చొని కాళ్లు ఊపుతూ నాకు ఒక సంగతి చెప్పింది.

"ఐదుసార్లు కడుపునిండ తాగితే కన్నకొడుకు లెక్కనే. మా అబ్బా చెప్పిండు. ఇప్పటికి నాలుగైనయి."

"అయితే ఏంది?"

"ఐదోది అయినంక వాడు నా తమ్ముడు. దూద్ భాయ్, పాల తమ్ముడు. పెద్దగైనంక గూడ నేను వాని ముంగట బురఖా ఏసుకునుడు ఉండది."

నేను లెక్కలో గట్టిదాన్ని. నాలుగు నిజమే. అప్పుడే వాడు మళ్లీ మూలగడం మొదలుపెట్టాడు. నేను పరుగెత్తి, గ్లాసులో చక్కెర నీళ్లు కలిపి, గుడ్డ పీలిక ముంచి వాడి నోట్లో పెట్టాను. ఐదోది ఆపగలిగితే చాలు, తరువాతి సంగతి తరువాత. వాడు పీలికను ఒకసారి చప్పరించి, ఉమ్మేసి, ఇల్లు ఎగిరిపోయేలా కేక పెట్టాడు. అంతకు ముందు రోజు ఖాలా పాలు ఇచ్చిన బలంతోనే ఆ కేక.

అవ్వ వచ్చి నా చేతిలోని గ్లాసు గుంజుకుంది. "ఏం జేస్తున్నవే గాడ్ది? పసిపోరన్ని సంపుతవా?"

ఐదోది అయిపోయింది. ఆ పిల్ల గోడ మీది నుంచి నాకు అయిదు వేళ్లూ చాచి చూపించింది.

ఇక్కడ మా బడి సంగతి చెప్పాలి. నేను ఆరో తరగతి. సైన్సు టీచరు ఒకరోజు స్పిరిటు దీపం వెలిగించి, పటకారుతో ఒకదాని తరువాత ఒకటి మంటలో పెట్టింది. చక్కెర, జొన్నరొట్టె ముక్క, చింతాకు, పావురం ఈక. అన్నీ నల్లబడ్డాయి.

"ఇది బొగ్గు," అంది. "బతికిన ప్రతిదాంట్ల ఇదే ఉంటది. ఆకు దీన్ని గాలిలకెల్లి తీసుకొని ఎండల వండుకుంటది. మనకు ఆ విద్య రాదు. మనం ఆకునన్న తినాలె, ఆకును తిన్నదాన్నన్న తినాలె. మీ ఒంట్ల తులం కూడ మీది కాదు పిల్లలూ. నిన్నటిదాక ఇంకెవరిదో."

తరగతంతా ఒకరి చేతులు ఒకరు పట్టుకొని చూసుకుంటూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆస్పత్రి చీటీలో తమ్ముడు పుట్టినప్పటి బరువు రాసి ఉంది. రెండు ముప్పావు. అది మా అమ్మ తిన్న అన్నం. ఆ తరువాత పట్టిన కాస్తా జ్వరం రోజుల్లోనే కరిగిపోయింది. ఇక మీద వాడికి పట్టే ప్రతి తులమూ ఖాలా పాలది. అంటే పాలు కావడానికి ఖాలా ఏం తిన్నదో దానిది. అంటే ఆ ఇంటిది. ఐదుసార్లు అనేది ఎవరో పెట్టిన లెక్క, కాదనొచ్చు. ఇది కాదనడానికి వీల్లేని లెక్క.

అమ్మ లోపలి గదిలోంచి రోజూ నన్ను పిలిచి అడిగేది, "ఇయ్యాల ఎన్నిసార్లు తాగిండే?" నేను సరిగ్గా చెప్పేదాన్ని. ఎనిమిది. తొమ్మిది. అమ్మ "మంచిగైంది" అని గోడ వైపు తిరిగి పడుకునేది. తిరిగేలోపు ఆమె మొహంలో ఏదో కనిపించేది. అది నాకు తెలిసినదే. అయినా నేను అంకె తగ్గించి చెప్పలేదు. తప్పు లెక్క చెప్పడం నాకు రాదు.

పసిపిల్లలను తూకం వేయకూడదనీ, ఆయుష్షు తగ్గుతుందనీ అవ్వ అనేది. అందుకని దొంగతనంగా వేయాల్సి వచ్చింది. పాతబస్తీలో కొన్ని బడులకు అప్పుడు శుక్రవారమే సెలవు, మాదీ అంతే. శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్లు నమాజుకు వెళ్లేవారు. ఖాలా వాకిట్లో జామకాయలు తూచే పెద్ద కాంటా ఖాళీగా వేలాడేది. ఒక్కదాన్నే వేయలేను కనుక పెద్దపిల్లను కలుపుకోక తప్పలేదు. ఆమెకూ తెలుసుకోవాలని ఉంది. పళ్లెంలో గంప పెట్టి, రెండో పళ్లెంలో గంపకు సరిపడా రాయి వేసి, ముల్లు నిలిచాక గంపలో తమ్ముణ్ని పడుకోబెట్టేవాళ్లం. వాడికి ఒంటి నిండా జామ వాసన పట్టేది. అవ్వ వాడి తల వాసన చూసి, "గా ఇంటి గాలి," అనుకునేది.

పాలు మొదలైన మూడో శుక్రవారం వాడు నాలుగు కిలోలు. ఏడో శుక్రవారం ఐదున్నర.

"సగం," అన్నాను.

"ఏంది సగం?"

చెప్పకుండా ఉండాల్సింది. కాని ఆ పిల్ల అడిగింది, లెక్క నా నోటి మీద ఉంది. చెప్పాను. ఆమె వేళ్ల మీద చూసుకొని, నెమ్మదిగా అర్థం చేసుకొని, గంపలో ఉన్న వాణ్ని వంగి ముద్దు పెట్టుకుంది. "వచ్చే జుమ్మా వరకు మాది ఎక్కువైతది," అంది.

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దునకు ఉపాయం తట్టింది. పాలు ఖాలావే, కాని ఖాలా తినేది మాది అయితే? మా జొన్నలతో అయిన పాలు మా పాలే కదా. రోజుకు ఆమె నాలుగు రొట్టెలు తింటుంది. అందులో ఒకటి మాది చేస్తే, పావు వంతు తమ్ముడు వెనక్కి వస్తాడు.

అవ్వను అడిగితే పొంగిపోయింది. "మంచిగ గుర్తుజేసినవు బిడ్డా. పాలిచ్చే తల్లికి పెట్టాలె," అంటూ వేడి జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం, నెయ్యి రాసి ఇచ్చింది. ఇంకో రోజు మెంతికూర పప్పు. ఇంకో రోజు సర్వపిండి. నేను పళ్లెం మీద గుడ్డ కప్పి రోజూ గోడ మీదుగా అందించేదాన్ని. ఖాలా నా గడ్డం పట్టుకొని, "ఎంత మంచి పోరివే నువ్వు," అనేది. నాకు సిగ్గు వేసేది కాదు. పావు వంతు, పావు వంతు అని లోపల అనుకునేదాన్ని.

"మీ రొట్టెకు పాలు రావు, నీళ్లొస్తయి," అని ఆ పిల్ల వెక్కిరించింది. "పాలంటే హరీస్ తినాలె, గోష్ తినాలె."

"అట్లనా? అయితే బర్రెలు మాంసం తింటయా?"

ఆ జవాబు మీద నేను మూడు రోజులు గర్వంగా బతికాను. నాలుగో రోజు పళ్లెం తెచ్చుకోవడానికి గోడ మీదుగా చూస్తే, ఖాలా రొట్టెను రెండుగా తుంచి, పెద్ద తుంపు పెద్దపిల్లకు పెడుతోంది. ఆ పిల్ల కళ్లు మూసుకొని నములుతోంది. నా తమ్ముడిలో పావు వంతు కావాల్సిన రొట్టె ఆ పిల్ల మోకాళ్లలో చేరుతోంది.

అమ్మ రెండో నెలకు లేచి కూర్చుంది. తమ్ముణ్ని ఒళ్లో వేసుకుంటే వాడు అలవాటుగా రొమ్ము వెతుక్కునేవాడు. దొరక్క కోపంతో అరిచేవాడు. అప్పుడు గోడ అవతలి నుంచి ఖాలా "ఆయీ, ఆయీ!" అంటూ వచ్చేది. అమ్మే వాణ్ని తీసి అందించేది.

పదిహేనో శుక్రవారం ఆ పిల్ల తన చెల్లెలిని కూడా వాకిట్లోకి ఎత్తుకొచ్చింది.

"రాళ్లెందుకు ఇయ్యాల? ఒక దిక్కు నా చెల్లె, ఒక దిక్కు నా తమ్ముడు."

నా తమ్ముడు అన్న మాట నొక్కి పలికింది. నేను పట్టించుకోనట్టు రెండో గంప తెచ్చాను. ఇద్దరినీ పెట్టి చేతులు వదిలాం. మా తమ్ముడి పళ్లెం దిగిపోయింది. నాలుగు నెలలు పెద్దదైన ఆ చంటిది గాలిలోకి లేచింది. ఉయ్యాల అనుకొని కిలకిలా నవ్వింది.

"కాంటా ఖరాబైంది," అంది ఆ పిల్ల.

పళ్లాలు మార్చి వేశాం. అంతే. రాళ్లతో వేశాం. వాడు ఆరు ముప్పావు, అది ఆరుంబావు. అప్పుడు ఆమె చెల్లెలి చేయి పట్టుకుంది. దిష్టికి వేసిన నల్ల గాజు ఉంది ఆ చేతికి. వేలితో కొంచెం నెట్టగానే అది అరచేతి మీదుగా జారి కింద పడింది. పోయిన నెల సబ్బు రాస్తే తప్ప రాని గాజు అది.

టీచరు చెప్పింది ఇదే. వాడికి పట్టిన కండ గాలిలోంచి రాలేదు.

"ఎవ్వరికీ చెప్పకు," అంది ఆ పిల్ల. "కసమ్?"

"కసమ్," అన్నాను.

నా ఒట్టు ఆ రోజు దీపాల వేళ దాకా ఉంది. అంతసేపూ నేను ఆలోచించింది ఆ చంటిదాని గురించి కాదు. చెబితే అవ్వ ఊరుకోదు. ఒకరి బిడ్డ నోరు కొట్టడానికి ఒప్పుకోదు. రేపటి నుంచి పాలు బంద్. వాడికి ఎలాగూ అయిదో నెల, గంజి పట్టొచ్చు. ఇక మీద పట్టే ప్రతి తులమూ మాదే. అవ్వ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చొని చెప్పాను. కిలోలతో సహా చెప్పాను.

తూకం వేసినందుకు వీపు మీద ఒకటి పడింది. తరువాత అవ్వ చేట పక్కన పెట్టి, కొంగు బిగించుకొని, గోడ దగ్గరికి కాదు, వీధి గుమ్మం గుండా ఖాలా ఇంటికి నడిచింది. వెనుకే నేను. గెలవబోతున్నది కళ్లారా చూడాలని.

"ఏం బిడ్డా, కడుపున పుట్టినదాని నోరు కొట్టి మా పోరనికి పోస్తున్నవా?"

ఖాలా చేతిలోని పని ఆపింది. ఆమె ఒళ్లో మా తమ్ముడే ఉన్నాడు. "గట్లనకు అమ్మా. నా పోరికి పండ్లొచ్చినయి. రొట్టె నానబెట్టి పెడితే తింటది. వానికేమొస్తది? వానికి పాలే బతుకు."

"ఏడ తింటుంది? రెక్కలు సూడు, పుల్లలైనయి."

"నాకు కనవడదా?" ఖాలా గొంతు ఒక్కసారి పైకి లేచింది. "రోజు నీళ్లు పోస్తున్న, నాకు కనవడదా అమ్మా? ఆపుదామని గూడ అనుకున్న. ఒకరోజు తలుపేసుకొని కూసున్న. గోడ అవతల వాడు ఏడుస్తుంటే పాలు వాటికవే కారిపోయినయి. ఎట్ల ఆపాలె? నువ్వే చెప్పు."

నేను అవ్వ కొంగు పట్టుకొని, అడుగు, ఇంకా అడుగు అని లోపల అనుకుంటున్నాను. అవ్వ ముందుకు వంగి, చాప మీద కూర్చున్న ఆ చంటిదాన్ని తీసుకొని భుజాన వేసుకుంది.

"నీ కొడుకును నువ్వు సూసుకో," అంది. "నా మనవరాలిని నేను సూసుకుంట."

అంతే. ఇంటికి వచ్చేసింది.

మర్నాటి నుంచి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి ఆ చంటిది మా ఇంట్లో తినేది. రాగులను మేము తైదలు అంటాం. తైదల జావ బెల్లం వేసి కాచి, అవ్వ బొటనవేలితో నోట్లోకి జారవిడిచేది. గుజ్జు అన్నమూ, పప్పు కట్టూ, మెత్తగా మెదిపిన అరటిపండూ. గిన్నె అడుగున పట్టిన జావ గీకి తినే హక్కు పుట్టినప్పటి నుంచీ నాది. అదీ పోయింది. సాయంత్రాలు నేను తల పెట్టుకొని పడుకునే ఒడిలో ఆ చంటిది పడుకునేది. అవ్వ దాని చెవిలో ఏవో పాటలు చెప్పేది. అవి నాకు చెప్పిన పాటలే. పాలు ఆపిద్దామని చెప్పిన మాటకు తమ్ముడు తిరిగి రాలేదు, పైగా అవ్వ పోయింది.

నెలన్నరకు గాజు మళ్లీ సబ్బు రాస్తే తప్ప రాకుండా బిగుసుకుంది. నేను రోజూ చూసేదాన్ని.

పెద్దపిల్ల చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఒకనాడు గోడ మీద వచ్చి కూర్చుంది.

"నువ్వే చెప్పినవు గదా?"

"ఔ."

"ఎందుకు?"

"మీ చెల్లె బక్కగైంది గదా. పాపం అనిపించింది."

"ఝూట్," అంది వెంటనే. కోపంగా కాదు. కాసేపు కాళ్లు ఊపి, వాకిట్లోకి చూస్తూ అంది, "నాకు అంతకు ముందే తెల్సు. గాజు జారుడు నేను ముందే చూసిన. చెప్తే అమ్మ వాన్ని ఆపేస్తదని చెప్పలే."

నేను చెల్లి కోసం చెప్పలేదు. ఆమె తన సొంత చెల్లి విషయమైనా చెప్పలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డవాళ్లో నేను చాలాసార్లు లెక్క వేశాను. ఒక్కొక్కసారి ఒక్కొక్క జవాబు వచ్చింది. నా జీవితంలో అలా వచ్చిన లెక్క అదొక్కటే.

వాడు తొమ్మిదో నెలలో పాలు మానాడు. మేము మరో నాలుగేళ్లు ఆ గల్లీలో ఉన్నాం. ఆ తరువాత బాపుకు క్వార్టరు వచ్చింది. గల్లీ వదిలినా రాకపోకలు వదలలేదు. ఖాలా ఇంట్లో పెళ్లి జరిగితే ఆడవాళ్లున్న గదుల్లోకి మా తమ్ముడు దర్జాగా నడిచి వెళ్లేవాడు, కొడుకు కదా. నేను వాడి వెనుక నిలబడి చూసేదాన్ని.

అవ్వ పోయిన రోజు ఖాలా చిన్నపిల్ల వార్త విన్న వెంటనే వచ్చింది. అప్పటికి దానికి పదమూడేళ్లు. గుమ్మంలో బురఖా తీసి పక్కన పడేసి, అవ్వ కాళ్ల మీద పడి, ఇల్లంతా దద్దరిల్లేలా ఏడ్చింది. నాకు కన్నీళ్లు రాలేదు. నేను మొదటి నుంచీ అంతే, లోపల ఏమున్నా బయటికి రాదు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ముందు దాన్నీ, తరువాత నన్నూ చూశారు. ఒకావిడ నా చేయి పట్టుకొని గుసగుసగా అడిగింది.

"ఎవరే గా పిల్ల? సొంత మనవరాలివి నువ్వు గూడ గట్ల ఏడుస్తలేవు."

పక్కింటి పిల్ల అనొచ్చు. అది అబద్ధం కాదు. కాని ఆ అరుపు వింటే ఆ మాట ఎవరూ నమ్మరు. నమ్మకపోతే దాన్నే అసలు మనవరాలనుకుంటారు, ఆ పూట అవ్వ పూర్తిగా దానిదైపోతుంది.

"మా చెల్లె," అన్నాను. "అవ్వకు రెండో మనవరాలు."

రెండో అన్న మాటను మాత్రం అందరికీ వినబడేటట్టు అన్నాను.